మొహరు నిజము, జాబు కల్ల

గొప్పవారి చేవ్రాళ్లను కూర్చుకొనుట పిల్లల వేడుక యని మనలో పెక్కుమంది యభిప్రాయము. సభ ముగిసిన వెంటనే చిన్న పుస్తక మొకటి చేతబట్టుకొని వేదికచుట్టును మూగు విద్యార్థులను నగరవాసులందఱును ఎఱుగుదురు. ఆ పుస్తకముల స్థానమును ఇటీవల చేతి టెలిఫోనులోని ఛాయాచిత్రము ఆక్రమించినది గాని వేడుక మాత్రము మారలేదు. పెద్దవాని దగ్గఱ నిలిచితినని పిదప చెప్పుకొనుటకు అదియొక గుఱుతు. ఇంతకుమించి అందు ప్రయోజనము లేదన్నచో ఈ వ్యాసమునకు అవకాశమే లేదు. కాని మనుష్యుడు స్వహస్తముతో వ్రాసిన కాగితమునకు చరిత్రలో ఒక బలమున్నది. ఆ బలము లేనిచోట ఎట్టి యనర్థము వాటిల్లునో చూపుటకు మన పొరుగుననే, బీదరు పట్టణమున, కావలసినంత సాక్ష్యమున్నది.

ముందుగా ఈ వేడుకకు పెద్దగా పేరుపడినవానిని ఒక్కమాటు స్మరింతము. 1779 మొదలు 1845 వఱకు జీవించిన విలియం అప్కాటు అను ఆంగ్లేయుడు లండనులోని యొక గ్రంథాలయమున ఉపగ్రంథపాలకుడుగా నుండెను. సంపన్నుడు కాడు, పండితుడనియు చెప్పరాదు. కాని పాత జాబు కనబడినచో అతని చేయి ఆగెడిది కాదు. అట్లు కూర్చి కూర్చి 32,000 జాబులవఱకు పోగుచేసెను. పదునేడవ శతాబ్దికి చెందిన జాన్ ఈవెలిను అను పెద్దమనిషి తన జీవితకాలమంతయు వ్రాసికొన్న దినచర్య వెలుగుచూచుటకు ఇతడే ముఖ్యకారకుడు. ఆ వంశపు గృహమున పాతకాగితములను దుస్తుల కత్తిరింపునకు నమూనాలుగా వాడుచుండగా ఇతడు చూచి అడ్డుపడెనని కథ చెప్పుదురు. ఆ దినచర్య 1818లో అచ్చుపడినది. ఆనాటి లండనును గూర్చి వ్రాయువా డెవ్వడును నేటికిని ఆ గ్రంథమును ముట్టక ముందునకు పోజాలడు. ఈ సేకర్త గొప్పతనము ఎంతయన్న, పరు లెవ్వరును అక్కఱలేదన్న కాగితమును అతడు అక్కఱ కలదిగా చూచినాడు. అంతే.

వేడుక ముదిరినచో దాని వెంట మోసమును బయలుదేరును. ఫ్రాన్సు దేశమున మిషెలు షాలు అను గణితశాస్త్రజ్ఞుడు, సామాన్యుడు కాడు, ఆ దేశపు విజ్ఞానపరిషత్తున సభ్యుడు, 1861 మొదలుకొని సుమారు ఎనిమిదేండ్లు వ్రాన్‌ల్యూకా యను నొకని యొద్ద 27,000 జాబులు కొనెను. అందు క్లియోపాత్రా సీజరునకు వ్రాసిన జాబున్నది. అలెగ్జాండరు అరిస్టాటిలునకు వ్రాసిన జాబున్నది. మగ్దలీను మరియ వ్రాసినదియు నున్నది. అన్నియును ఫ్రెంచిభాషలోనే యున్నవి! క్లియోపాత్రాకు ఫ్రెంచిభాష యెట్లు వచ్చెనని ఆ మహాశయునకు తోచనేలేదు. గురుత్వాకర్షణమును న్యూటనుకంటె ముందుగా తమ దేశీయుడైన పాస్కలే కనుగొనెనని చూపు జాబులు కూడ అందు దొరకుటచే ఆయన దేశాభిమానము కన్నులను మూసివేసినది. 1870లో ఆ కూటలేఖకునకు రెండేండ్ల చెఱసాల విధించిరి. బుద్ధిమంతుడును తనకు ఇష్టమైన సంగతి వ్రాసియున్న కాగితమును పరీక్షింపడు. ఈ మాటను మనస్సునందుంచుకొని బీదరునకు పోవుదము.

బీదరు నేడు కర్ణాటక రాష్ట్రమున ఒక జిల్లాకు ముఖ్యపట్టణము. 1956 వఱకు హైదరాబాదు రాజ్యమున ఉండినదగుటచే మన పెద్దలకు అది పరాయి ఊరు కాదు. కన్నడము, మరాఠీ, తెలుగు, ఉర్దూ నాలుగును కలిసిన కూడలి. పదునైదవ శతాబ్ది పూర్వార్ధమున బహమనీ సుల్తాను అహమ్మదుషా గుల్బర్గానుండి రాజధానిని అచ్చటికి మార్చెను. నల్లని లోహముమీద వెండితీగ పొదిగిన బిద్రీ సామానును మన యిండ్లలో చూచువారికి ఊరి పేరైనను తెలియును. ఊరి నడుమ నిలిచిన పాఠశాల శిథిలమును చూచినవారికి మాత్రము మఱియొక పేరు తెలియును. అది ఖ్వాజా మహమ్మూదు గవానుది.

ఈతడు పారసీకదేశమున గీలాను ప్రాంతమువాడు. 1453 ప్రాంతమున వర్తకుడై దాభోలు రేవున దిగి బీదరు చేరెను. వర్తకమునకు వచ్చినవాడు కొలువున చేరి, హుమాయూను షా, నిజాం షా, మూడవ మహమ్మదు షా అను ముగ్గురు సుల్తానులకు సేవచేసి ప్రధానామాత్యుడయ్యెను. 1472లో గోవాను పట్టినవాడితడే. బీదరు పాఠశాల పూర్తియైనదియు ఆ యేటనే. అందు 3,000 గ్రంథముల పుస్తకశాల యుండెనని ఫెరిస్తా వ్రాసినాడు. అచ్చుపుస్తకములు లేని కాలమున, ప్రతి గ్రంథమును ఎవరో ఒకరు చేతితో వ్రాసిన రోజులలో, 3,000 అన్న సంఖ్యకు ఎంత యర్థమున్నదో పాఠకులే ఊహింపవచ్చును.

ఈ గవాను జాబులు వ్రాయుటయందు అందెవేసిన చేయి. లేఖారచనను శాస్త్రముగా బోధించు ‘మనాజిరుల్ ఇన్షా’ యను గ్రంథమును రచించెను. తాను వ్రాసిన జాబులను ‘రియాజుల్ ఇన్షా’ యను పేర ఒకచోట చేర్చెను. నూటికి మించిన ఆ జాబులలో తురుష్క సుల్తానునకు వ్రాసినవి కలవు; హీరాతులోని మహాకవి జామీకి వ్రాసినవి కలవు; కన్నకొడుకులకు బుద్ధిచెప్పుచు వ్రాసినవి కలవు. జామీని బీదరునకు రమ్మని పిలిచెను గాని ఆయన రాలేదు. ఈ సంపుటము 1948లో హైదరాబాదునందే అచ్చుపడినదని తెలిసినవారు మనలో కొలదిమందియే యుందురు. దక్కను చరిత్రకు ఇంతకంటె దగ్గఱి సాక్ష్యము మఱియొకటి అరుదు. యుద్ధమధ్యమున డేరాలో కూర్చుండి మంత్రి యేమి యాలోచించుచుండెనో చెప్పు కాగితములు మన రాజులలో ఎందఱికి మిగిలినవి?

ఇట్టి లేఖకుని తల ఒక జాబు మూలముననే తెగినది. అదియు తాను వ్రాయని జాబు.

కథ మన తెలుగునేలకు సంబంధించినదే. గవాను రాజ్యములోని నాలుగు రాష్ట్రములను ఎనిమిదిగా విభజించెను. తెలంగాణమును రాజమహేంద్రవరము, ఓరుగల్లు అని రెండుచేసెను. ఒక్కొక్క రాష్ట్రాధిపతి చేతిలో ఒక్క కోట మాత్రమే యుండవలెననియు, తక్కిన కోటల కిల్లేదారులను సుల్తానే నియమింపవలెననియు కట్టుదిట్టము చేసెను. రాజునకు మేలైన ఈ యేర్పాటు సర్దారులకు గిట్టలేదు. మొత్తము తెలంగాణమునకు అధిపతిగా నుండగోరిన హసను బహిరీకి రాజమహేంద్రవరము మాత్రమే దక్కెను. దీనికి తోడు కొలువులో స్వదేశీయులు, విదేశీయులు అను కక్ష మొదటినుండియు నుండెను. దక్కనీలని పిలువబడిన స్థానికులు ఒకవైపు, పారసీకమునుండియు తురుష్కదేశమునుండియు వచ్చినవారు ఒకవైపు. గవాను విదేశీయుడైనను ఇరువురకును సమముగా పదవులు పంచిపెట్టెను. అట్లు పంచినను ఏ ఒక్కరికిని తృప్తి కలుగలేదు.

1481లో సుల్తాను మహమ్మదు షా తెలుగుదేశమున దండయాత్రలో నుండెను. దండు కొండపల్లి యొద్ద దిగియుండెను. శత్రువులు గవాను మొహరు దాచు బానిసను లంచముతో లోబఱచుకొని, మడిచిన తెల్లకాగితముమీద ఆ మొహరు వేయించుకొనిరని ఫెరిస్తా చెప్పుచున్నాడు. పిదప ఆ ఖాళీని ఒక జాబుతో నింపిరి. ఓఢ్రదేశపు గజపతికి మంత్రి వ్రాసినట్లుగా, సుల్తాను త్రాగుబోతై ప్రజలను పీడించుచున్నాడు గాన నీవు దండెత్తి రమ్ము, రాజ్యమును పంచుకొందము అన్న అర్థము వచ్చునట్లుగా కూర్చిరి. మంత్రికి హితుడైన యూసఫు ఆదిలుఖాను వేఱొక దిక్కునకు దండుతో పోయియున్న సమయము చూచి దానిని సుల్తానునకు అందించిరి.

సుల్తాను అప్పుడు మద్యము సేవించి యుండెను. మంత్రిని పిలిపించెను. పోవలదని స్నేహితులు చెప్పినను గవాను వినలేదు. ద్రోహికి శిక్ష యేమని సుల్తాను అడుగగా మరణమే యని మంత్రి బదులు చెప్పెననియు, అంతట జాబు చేతికిచ్చి చూపగా, మొహరు నాదే గాని జాబు నాది కాదని ప్రమాణము చేసెననియు చరిత్రకారుడు వ్రాసినాడు. సుల్తాను విచారణకు కూర్చుండలేదు. జౌహరు అను సేవకునకు సైగచేసి లోపలికి పోయెను. ఏప్రిల్ 5వ తేదీన, డెబ్బదియేండ్లు నిండిన ఆ వృద్ధుని తల మన కృష్ణాతీరపు గడ్డమీద రాలిపడినది.

ఇచ్చట న్యాయవాదులైన పాఠకులు ఒక సందేహమును కలిగింపవచ్చును. ఈ వివరములన్నియు ఫెరిస్తాకు ఎట్లు తెలిసినవి? ఆతడు గ్రంథము వ్రాసినది పదునేడవ శతాబ్ది మొదట, అనగా గవాను చచ్చిన నూటయిరువదియేండ్లకు పైబడిన పిమ్మట. వ్రాసినది బిజాపురపు ఆదిల్షాహీల యాశ్రయమున. ఆ వంశమునకు మూలపురుషుడు గవానుకు ఆప్తుడైన యూసఫు ఆదిలుఖానే. అభియోగము మోపబడిన హసను బహిరీయో, బిజాపురమునకు పోటీగా నిలిచిన అహమ్మదునగరపు నిజాంషాహీల మూలపురుషునకు తండ్రి. సాక్షికి ప్రతివాదితో పాతపగ యున్నదని కోర్టులో చెప్పినట్లే యిచ్చటను చెప్పవచ్చును. కావున మంత్రికిని సుల్తానుకును నడచిన సంభాషణను అక్షరాల నమ్మవలసిన పనిలేదు. కూటలేఖ వలన గవాను చచ్చెననియు, ఆతడు నిర్దోషి యనియు మాత్రము దక్కను చరిత్ర వ్రాసినవారందఱును ఒప్పుకొన్నదే.

ఆ జాబు నేడు లేదు. ఉండినచో ఒక్క గడియలో తేలిపోయెడి సంగతి అది. మొహరు ముందు పడినదా, అక్షరము ముందు పడినదా అన్న ప్రశ్నకు కాగితమే సమాధానము చెప్పును. మొహరు సిరామీద అక్షరపు సిరా పాఱినచో ఒక తీరుగ నుండును. అక్షరముమీద మొహరు పడినచో మఱియొక తీరుగ నుండును. మడిచిన కాగితముమీద మొహరు వేసి, పిదప విప్పి వ్రాసినచో, మడత గీటుమీద సిరా వ్యాపించిన పద్ధతియే సాక్ష్యమిచ్చును. వ్రాసిన పంక్తులు మొహరును తప్పించుకొనుటకై ఇఱుకున పడుటయు కలదు. దస్తూరి పరీక్ష సరేసరి. గవాను లేఖకుల దస్తూరి దివాణములో వందల కాగితములందుండినది. పోల్చిచూచుటకు ఒక్క మునిషీని పిలిచిన చాలును. సుల్తాను పిలువలేదు. ఇష్టమైన సంగతి వ్రాసియున్న కాగితమును పరీక్షింపనివారు ఫ్రెంచి గణితశాస్త్రజ్ఞు లొక్కరే కారు.

ఇందు మొహరును నమ్ముకొన్న పరిపాలనలోని లోపము కూడ కలదు. ఆనాటి దివాణములలో జాబు వ్రాయువాడొకడు, చదివి వినిపించువాడొకడు, మొహరు వేయువాడు మఱియొకడు. అధికారమంతయు ఆ చిన్న రాతిలోనో వెండి ఉంగరములోనో ఉండును. అది చేతినుండి చేతికి మారగలదు. దస్తూరి అట్లు మారదు. మన దేశమున రాజులు ఈ సంగతి నెఱుగకపోలేదు. విజయనగర రాజుల తామ్రశాసనములకు వరాహముద్ర యుండినను, శాసనాంతమున ‘శ్రీ విరూపాక్ష’ యని కన్నడ లిపిలో వేఱుగా చేవ్రాలు నిలుపుట ఆచారము. ముద్ర ఒకటి, వ్రాలు ఒకటి, రెండును కలిసిననే ప్రమాణము. పల్లెలలో చదువురానివారు పత్రముమీద నిశానీ గీయుచుండిరి. వ్రేలిముద్ర పిమ్మట వచ్చినది. 1858లో వంగదేశమున విలియం హర్షెలు అను అధికారి ఒక ఒప్పందపత్రముమీద కంట్రాక్టరుచేత అరచేతి ముద్ర వేయించుటతో ఆ పద్ధతికి అంకురార్పణ జరిగెను. 1872 నాటి సాక్ష్యచట్టము 73వ సెక్షనున సంతకము, వ్రాత, మొహరు మూడింటిని రుజువైన వానితో కోర్టు పోల్చిచూడవచ్చునని పెట్టిరి. 2024 జులై 1వ తేదీనుండి దాని స్థానమున అమలులోనికి వచ్చిన కొత్త చట్టమందును ఆ యేర్పాటు నిలిచియున్నది. అట్టి సెక్షనొకటి 1481లో కొండపల్లి దండులో నుండినచో, బహమనీ రాజ్యము ఐదుముక్కలగుటకు మఱికొంత కాలమైనను పట్టెడిదేమో!

ముక్కలగుట నిజమే గదా. మంత్రి చచ్చిన పిమ్మట ఆతని ధనాగారమును తెఱిపించి చూడగా కొద్దిపాటి సొమ్మే దొరకెననియు, ఆతడు మట్టిపాత్రలలో భుజించి చాపమీద పరుండెడివాడనియు బయటపడెను. సుల్తాను ఏడాది తిరుగకుండ 1482 మార్చిలో మరణించెను. జాబు పుట్టించిన హసను బహిరీయు కొలది సంవత్సరములకే చంపబడెను. బిజాపురము, అహమ్మదునగరము, బీరారు, గోలకొండ, బీదరు అని రాజ్యము ఐదుగా చీలెను. మన గోలకొండ రాజ్యమునకు పుట్టుక అందే యున్నది. ఇంత పెద్ద చీలికకు ఒక్క కాగితమే కారణమని చెప్పుట అతిశయోక్తి. చీలిక అంతకుముందే లోలోపల నుండినది. కాని కట్టు తెగుటకు ఆ కాగితము కత్తియైనది.

గవాను బ్రతికియున్న రోజులలో బీదరు వీథులందు తిరిగిన మఱియొక లేఖకుని గూర్చి చెప్పక ఈ కథను విడువరాదు. రష్యాదేశమున త్వేరు నగరమునుండి బయలుదేరిన అఫనాసీ నికితిను అను వర్తకుడు ఒక గుఱ్ఱమును అమ్ముకొనుటకై మన దేశమునకు వచ్చి, బీదరు చేరి, అచ్చట కొంతకాలముండెను. సుల్తాను ఊరేగింపును, ఏనుగులను, సంతలను, మాలికుత్తుజ్జారు అను బిరుదు గల గవాను వైభవమును తన పుస్తకములలో వ్రాసికొనెను. ఊరేగింపులోని బంగారపు మెఱుగుల సరసనే పల్లెజనుల పేదఱికమునుగూడ మఱచిపోక వ్రాసినాడు. తిరుగుప్రయాణమున స్వదేశము చేరుచుండగా స్మోలెన్స్కు సమీపమున మరణించెను. ఆతడు స్వహస్తముతో వ్రాసిన ఆ పుస్తకములను తోటివర్తకులు మాస్కోకు తెచ్చి మామిరెవు అను ప్రభుత్వలేఖకున కిచ్చిరని రష్యను దినవృత్తాంతములు చెప్పుచున్నవి. ఆ లేఖకుడు ఇదియేమి చిల్లర వర్తకుని గోలయని పాఱవేయలేదు. ప్రతి వ్రాయించి దినవృత్తాంతమున చేర్పించినాడు. మూలము నశించినది, ప్రతులు మిగిలినవి. మూడువందల యేండ్లకు పైగా మఠములలో మూలబడియున్న దానిని పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్లలో కరంజిను అను రష్యను చరిత్రకారుడు కనుగొని లోకమునకు చూపెను. 1857లో ఇంగ్లీషున వెలువడినది. బీదరు సంతలో గుఱ్ఱపువర్తకుడు వ్రాసికొన్న పద్దు బీదరులో మిగులలేదు, మాస్కోలో మిగిలినది. మన సంగతి మనకు తెలియుటకు పరదేశపు గుమాస్తా యొకడు కావలసివచ్చెను.

బీదరులో మిగులవలసినవి ఏమైనవి? 1657లో రాజకుమారుడుగా నున్న ఔరంగజేబు ఆ కోటను పట్టెను. ఆ పిదప పాఠశాల మొగలుల వశమైనది. 1696లో తుపాకిమందు పేలి భవనమున సగభాగము, ఒక మీనారు, ముఖద్వారము కూలిపోయినవి. నేటికిని ఒక్క మీనారు మాత్రమే నిలిచి, దానిమీద నీలము, పసుపు, తెలుపు పెంకుల అతుకులు ఎండలో మెఱయుచున్నవి. గ్రంథములు ఎచ్చటెచ్చటికి చెదరిపోయినవో ఆ గోడలు చెప్పవు.

మన దేశమునందును పాతకాగితములను వెదకినవారు లేకపోలేదు. 1783లో మద్రాసున దిగిన కాలిను మెకంజీ అను స్కాట్లండు సైనికోద్యోగి నిజాం రాజ్యమున కొలతలు కొలిచెను, మైసూరున కొలిచెను, 1815లో భారతదేశమునకు మొదటి సర్వేయరు జనరలయ్యెను. గొలుసుతో భూమిని కొలుచుచు తిరిగిన ప్రతిచోటను పాతకాగితములను అడిగెడివాడు. 1821లో ఆతడు చనిపోవునప్పటికి 1,568 వ్రాతప్రతులు, 2,070 గ్రామచరిత్రలు, 8,076 శాసనముల నకళ్లు, 6,218 నాణెములు పోగుపడినవి. ప్రభుత్వము లక్షరూపాయలిచ్చి వానిని కొనెను. విల్సను పండితుడు 1828లో పట్టిక ప్రకటించెను. తెలుగువారు నేడు తమ ఊరి కైఫీయతు అని చెప్పుకొనునవి అందులోనివే.

మెకంజీకి తెలుగు రాదు. ఈ పని నడిపించినవారు ఏలూరు నుండి వచ్చిన కావలివారు. కావలి వెంకట బొఱ్ఱయ్య ఆతనికి మొదట దారి చూపినవాడు. శాసనములను చదువుటలో నేర్పరి. 1803లో ఇరువదియాఱేండ్లకే చనిపోయెను. ఆయన తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని చేపట్టి, మెకంజీ పోయినవెనుక దానిని తానే కొనసాగింతునని ప్రభుత్వమునకు విన్నవించుకొనెను. 1830లనాడు కలకత్తాలోని ఏషియాటికు సొసైటీవారు ఈ విన్నపమును పరిశీలించి, పరాధీనుడుగా పనిచేయుటకు తగినవాడే గాని ఇంత పనికి తానే పెద్దగా నుండ తగడని తీర్పు చెప్పిరి. ఊరూర తిరిగి కరణములను బ్రతిమాలి కాగితములు తెచ్చినవాడు, వానిని తెచ్చిన వరుసయెట్టిదో లోకములో ఎఱిగినవా డొక్కడే, వానిని చూచుకొనుటకు చాలడట! ఆ తీర్పు ఫలితము మనమే యనుభవించితిమి. ఏ కాగితము ఏ ఊరిలో, ఎవరి యింట, ఏ పరిస్థితిలో దొరకెనో చెప్పగలవాడు వెళ్లిపోయిన తరువాత కట్టలు మాత్రము మిగిలినవి. కాగితములు పురుగులపాలై సిరా వెలిసిపోవుచుండగా బ్రౌనుదొర తన సొంత సొమ్ముతో కొన్నింటికి నకళ్లు వ్రాయించెను. ఆ బ్రౌనుదొర జాబులను మఱల వెదకి తీసి అచ్చువేయుటకు 1970 దశకమున బంగోరె యను పేర ప్రసిద్ధుడైన బండి గోపాలరెడ్డి తన యారోగ్యమును ధారపోసెను. వెదకువాడు పోయిన పిమ్మట ఆ వెదకినవానిని వెదకుటకు మఱియొకడు పుట్టవలసివచ్చుచున్నది.

రాజధానిలోని ప్రభుత్వ పురాతన పత్రశాలలో షాజహాను, ఔరంగజేబుల దక్కను పరిపాలనకు సంబంధించిన కాగితములు లక్షకు మించి కలవు. ఔరంగాబాదు కోటలో పడియుండగా తెచ్చి భద్రపఱచినవవి. ఆనాటి సిపాయి జీతము, గుఱ్ఱపు గుఱుతు, జాగీరు పద్దు, అధికారి చేవ్రాలు, తేదీ, అన్నియు వానిమీద కలవు. సాలారుజంగు ప్రదర్శనశాలలో మొగలు చక్రవర్తుల చేవ్రాళ్లు, ముద్రలు గల వ్రాతప్రతులు కలవు. ఆదివారము పూట గడియారపు గంట వినుటకు అచ్చట గుమిగూడు జనులలో నూటికొక్కరైనను ఆ వ్రాతప్రతుల గదివైపు తొంగిచూతురా యని ప్రశ్నించినచో సమాధానము మనకే తెలియును. ఫారసీ చదువగలవారు నానాటికి తగ్గిపోవుచున్నారు. కాగితమున్నను చదువువాడు లేనినాడు, అది మొహరు మాత్రమే మిగిలి జాబు చెఱిగినట్టిదగును.

ఇక మన యిండ్ల సంగతి. మన తాటాకులమీద గంటముతో వ్రాయు కాలమున సంతకము అనునది లేదు. లేఖకుడు చివఱ సంవత్సరమును, తిథిని, తన పేరును వ్రాసి, అక్షరదోషములుండినచో మన్నింపుడని వేడుకొనెడివాడు. కాగితము, కలము, తపాలా వచ్చిన పిమ్మటనే తెలుగువాని దస్తూరి తెలుగువాని దస్తూరిగా కనబడసాగెను. అనగా మనకు మిగిలిన చేవ్రాళ్ల సంపద నూటయేబది, నూటడెబ్బది సంవత్సరములది మాత్రమే. అంత చిన్నదానిని కూడ మనము జాగ్రత్తపెట్టుట లేదు. తాతగారు పోయిన పదునాల్గవ నాడు ట్రంకుపెట్టె తెఱచి, దస్తావేజులు ఒకవైపు, తక్కినవి ఒకవైపు వేసి, తక్కినవానిని తూకమున కమ్ముట నగరమున ప్రతిదినము జరుగుచున్నదే. దస్తావేజునకు నకలు రిజిస్ట్రారు కచేరీలో నుండును. అమ్మినదానికే నకలు లేదు! ప్లీడరుగారు కక్షిదారునకు వ్రాసిన జాబు, డాక్టరుగారు కలరారోజులలో అన్నగారికి వ్రాసిన జాబు, కొత్తగా ఉద్యోగమున చేరిన మేనల్లుడు నెలజీతమునకు లెక్క చెప్పుచు వ్రాసిన జాబు, ఇవన్నియు ఊరి చరిత్రకు గవాను జాబులవంటివే. గవాను కొడుకునకు వ్రాసిన బుద్ధులను మనము అచ్చువేసి చదువుకొనుచు, మన తాతలు వ్రాసినవానిని పొట్లములకు పంపుచున్నాము.

ఉంచుకొన దలచినవారికి కష్టమేమియు లేదు. మడత విప్పి పఱచి, రెండు తెల్లని దళసరి కాగితముల నడుమ పెట్టవలెను. ఇనుప గుండుసూది తీసివేయవలెను; అది త్రుప్పుపట్టి కాగితమును తినును. చిరిగినచోట పారదర్శకపు బంక టేపు అంటింపరాదు. పదేండ్లలో అది పసుపెక్కి అక్షరమును కూడ లాగికొనిపోవును. ఎవరు ఎవరికి వ్రాసిరో, ఎవరి యింట దొరకినదో, పెన్సిలుతో వేఱొక చీటిమీద వ్రాసి దాని కడ పెట్టవలెను. ఛాయాచిత్రము తీసికొనుట మంచిదే గాని తీసితిమి గదా యని మూలమును పాఱవేయరాదు. కాగితపు నీటిగుఱుతు, సిరా పొర, మడత, ఒత్తిడి వీనిలో దేనిని ఆ చిత్రము చూపదు. కొండపల్లిలో గవానుకు కావలసి యుండినవి సరిగా ఇవియే.

మఱియొక్క మాట. తపాలాబిళ్లలు సేకరించు పిల్లలకు కవరు మూల కత్తిరించి యిచ్చువారు మనలో పెక్కుమంది కలరు. బంధువులకు వ్రాయు జాబులమీద మన పెద్దలు తిథి, వారము వ్రాసి సంవత్సరమును విడిచిపెట్టుట పరిపాటి. అట్టి జాబునకు తేదీ చెప్పునది బిళ్లమీద తపాలా కచేరీవారు కొట్టిన నల్లని ముద్ర యొక్కటియే.